చూపు నిలిస్తే చదువు నిలుస్తుందా?

“చూపు నిలిపి చదువు” అనే మాట మన పాఠశాలల్లో ప్రతిరోజూ వినబడేదే. దానికి ఏకాగ్రత అని అర్థం చెప్పుకున్నంత వరకు పేచీ లేదు. కాని కంటిని గురించిన శాస్త్రంలో కూడ ఇదే మాట మరొక రూపంలో కొన్ని దశాబ్దాలుగా చెలామణి అవుతున్నది. కంటి నడిమి భాగం చెడినవారు చదవలేకపోవడానికి ముఖ్యకారణం వారి చూపు ఒకచోట నిలవకపోవడమేననీ, నిలపడం నేర్పితే చదువు తిరిగి వస్తుందనీ ఈ వాదం సారాంశం. ఇందులో నిజమెంత? ఇది ఏ ప్రయోగాలపైన నిలబడి ఉన్నది? ఆ పునాది ఎంత బరువు మోయగలదు? ఈ ప్రశ్నలను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇది వైద్యులు తమలో తాము తేల్చుకోవలసిన తగవు మాత్రమే కాదు. కంటి నడిమి భాగాన్ని చెడగొట్టే జబ్బుల్లో ఒకటి బడి ఈడు పిల్లలకే వస్తుంది. అటువంటి పిల్లవాడు పుస్తకాన్ని ఓరగా చూస్తూ, కూడబలుక్కుంటూ చదువుతుంటే ఉపాధ్యాయుడు ఏమి అంటాడు, ఏమి చేస్తాడు అన్నది ఈ వాదాన్ని ఆయన ఎట్లా అర్థం చేసుకున్నాడన్న దానిపైన ఆధారపడుతుంది.

పచ్చచుక్క చేసే పని

కంటి వెనుక గోడకు అంటుకొని రెటీనా అనే పలుచని పొర ఉన్నదని విద్యార్థులకు తెలుసు. ఈ పొర అంతటా చూపు ఒకే తీరున ఉండదు. దాని నడుమ పసుపువన్నె గల చిన్న ప్రదేశం ఉన్నది. వైద్యులు దీనిని మాక్యులా అంటారు. మనం పచ్చచుక్క అంటాం. దాని మధ్య సుమారు 1.5 మిల్లీమీటర్ల వెడల్పు గల పల్లం ఉన్నది. ఇక్కడ శంకుకణాలు కిక్కిరిసి ఉంటాయి. పల్లం నట్టనడుమ చదరపు మిల్లీమీటరుకు దాదాపు 2 లక్షల కణాలు ఉంటాయి. పక్కకు పోయినకొద్దీ శంకుకణాలు పలచబడి, మసక వెలుతురులో పనిచేసే దండకణాలు ఎక్కువవుతాయి. అక్షరాల సన్నని వంపులను పట్టుకోగలిగేది శంకుకణాలు దట్టంగా ఉన్న ఈ పల్లమే.

పాఠకులు దీనిని ఇప్పుడే పరీక్షించి చూసుకోవచ్చు. ఈ పుటను కంటికి 40 సెంటీమీటర్ల దూరాన పట్టుకోండి. ఒక పంక్తి మధ్యనున్న ఏదో ఒక మాటపై చూపు ఉంచి, కళ్లు కదల్చకుండా ఆ పంక్తిలోని మొదటి మాటను చదవడానికి ప్రయత్నించండి. అక్కడ ఒక మాట ఉన్నదని తెలుస్తుంది. దాని నల్లదనం, ఇంచుమించు దాని పొడవు కూడ తెలుస్తాయి. అక్షరాలు మాత్రం తెలియవు. ఆ దూరాన ఒక డిగ్రీ కోణం కాగితం మీద 7 మిల్లీమీటర్లకు సమానం. పల్లం మొత్తం కాగితం మీద చూడగలిగేది మూడున్నర సెంటీమీటర్ల మేర మాత్రమే. అందులోనూ మిక్కిలి స్పష్టంగా కనిపించేది నడిమి ఒకటి రెండు డిగ్రీలే.

అందుచేతనే చదివే కన్ను పంక్తి వెంబడి నీటివలె జారదు; మిడతవలె గెంతుతుంది. ఒకచోట సెకనులో నాలుగో వంతు సేపు నిలిచి, అక్కడి అక్షరాలను గ్రహించి, మరొక చోటికి గెంతుతుంది. ఇంగ్లీషు చదివేవారిలో ఒక్కొక్క గెంతు ఏడెనిమిది అక్షరాల దూరం ఉంటుంది. కనుక “చూపు నిలపడం” అంటే మంచి కళ్లున్నవారి విషయంలో కూడ రాయివలె నిలపడం కాదు. సరైన చోట, సరిపడినంత సేపు నిలిపి, తరువాత కదిలించడం. ఈ సంగతిని గుర్తుంచుకుంటే ముందు రాబోయే వాదం సుబోధకమవుతుంది.

ఆ పల్లం లేకుంటే చదువు ఏమవుతుంది? 1979లో అమెరికాలో రేనర్, బెర్టెరా అనే శాస్త్రజ్ఞులు ఒక యుక్తి పన్నారు. చదివేవాడి కన్ను ఎటు తిరిగితే అటు తెర మీద ఒక మాటు కదులుతూ, అతడు సూటిగా చూసే అక్షరాలను కప్పివేసే ఏర్పాటు చేశారు. మంచి కళ్లున్నవారే చదవడానికి మిక్కిలి కష్టపడ్డారు. మాటు పెద్దదయ్యేకొద్దీ చదువు దాదాపు అడుగంటింది. పక్కచూపు చదువుకు తోడు రాగలదే గాని, నడిమిచూపు స్థానాన్ని సులువుగా ఆక్రమించలేదని ఈ ప్రయోగం చాటింది.

నడుమ చిల్లు పడినప్పుడు

ప్రయోగశాలలో తెర మీద కల్పించిన ఆ మాటు కొందరి కంటిలో నిజంగానే ఏర్పడుతుంది. వయసుతో వచ్చే మాక్యులా క్షీణత 50 ఏళ్లు దాటినవారిలో కనిపించే జబ్బు. దీనిలో పొడి రకం నెమ్మదిగా ముదురుతుంది. తడి రకంలో రెటీనా అడుగున కొత్త రక్తనాళాలు మొలిచి, కారి, చూపును త్వరగా చెరుస్తాయి. తడి రకానికి 2006 నుండి రానిబిజుమాబ్ వంటి మందులను కంటిలోనికి సూదితో ఎక్కించే చికిత్స వాడుకలోకి వచ్చి చాలామందికి చూపు నిలబెట్టింది. ఐనా, అప్పటికే చచ్చిన కణాలను ఆ మందు బతికించలేదు.

పిల్లల్లో వచ్చే జబ్బు పేరు స్టార్‌గార్డ్ వ్యాధి. జర్మన్ నేత్రవైద్యుడు కార్ల్ స్టార్‌గార్డ్ 1909లో దీనిని వర్ణించాడు. దీనికి కారణమైన ముఖ్య జన్యువును 1997లో గుర్తించారు. సాధారణంగా తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి, లోపమున్న జన్యుప్రతులు రెండూ చేరినప్పుడే వ్యాధి బయటపడుతుంది. అందుచేత తల్లిదండ్రుల చూపు బాగానే ఉండవచ్చు. చాలామందిలో ఇది బాల్యంలోనో, కౌమారంలోనో మొదలవుతుంది. కళ్లద్దాలు పెట్టినా అక్షరాలు తేటపడవు.

ఈ రెండు జబ్బుల్లోనూ లోకం చీకటి కాదు. చుట్టుచూపు మిగిలే ఉంటుంది. మనిషి తడబడకుండా నడుస్తాడు, గుమ్మం దాటుతాడు, మైదానంలో పరుగెత్తుతాడు. కాని ఎదుటివారి ముఖం గుర్తుపట్టలేడు, నల్లబల్ల మీది లెక్క చదవలేడు. ఈ వైరుధ్యమే అపార్థాలకు మూలం. “బంతి వెంట పరుగెత్తేవాడికి పుస్తకంలో అక్షరాలు కనబడవా?” అని పెద్దలు అనుమానిస్తారు. బంతి వెంట పరుగెత్తడానికి చుట్టుచూపు చాలు. అక్షరానికి అది చాలదు.

నడుమ చిల్లు పడితే మెదడు చేతులు ముడుచుకొని కూర్చోదు. చిల్లు అంచున మిగిలిన మంచి రెటీనాలో ఒక తావును ఎన్నుకొని, చూడవలసిన వస్తువు బింబం ఆ తావున పడేటట్లు కంటిని తిప్పుతుంది. దీనిని మనం “బదులు చోటు” అని పిలుచుకుందాం. 1997లో ఫ్లెచర్, షుకార్డ్ అనే అమెరికన్ పరిశోధకులు మందదృష్టి గలవారి కళ్లు వెయ్యికి పైగా పరీక్షించి, నడుమ చిల్లు పడిన కళ్లలో అత్యధిక భాగం ఇటువంటి బదులు చోటును ఏర్పరచుకున్నవేనని తేల్చారు. చాలామందికి తాము ఓరగా చూస్తున్న సంగతే తెలియదు. ఓరచూపు నిర్లక్ష్యానికి గుర్తు కాదు. మెదడు కనిపెట్టిన ఉపాయం.

నిలకడను కొలవడం

ఇక అసలు వాదానికి వద్దాం. బదులు చోటు పచ్చచుక్క నడిమి పల్లం వలె నిలకడగా ఉండదు. చూపు అటూ ఇటూ తూగులాడుతుంది. ఈ తూగును కొలవడానికి రోగిని ఒక చిన్న శిలువ గుర్తును చూస్తూ ఉండమంటారు. కంటి కదలికలను పట్టే యంత్రం, చూపు పడిన చోట్లన్నింటిని చుక్కలుగా గుర్తిస్తుంది. ఆ చుక్కల్లో నిర్ణీతమైన పాలు లోపలికి వచ్చేటట్లు ఒక దీర్ఘవృత్తం గీస్తారు. దాని వైశాల్యం చిన్నదైతే చూపు నిలకడగా ఉన్నట్లు, పెద్దదైతే చెదిరినట్లు లెక్క.

2004లో లండన్‌లో క్రాస్‌లాండ్, కల్‌హామ్, రూబిన్ అనే పరిశోధకులు మాక్యులా జబ్బు కొత్తగా వచ్చినవారిని ఏడాది పాటు వెన్నాడి, నిలకడను, చదివే వేగాన్ని పలుమార్లు కొలిచారు. కాలక్రమాన కొందరి వేగం పెరిగింది, కొందరిది తగ్గింది. వేగంలో వచ్చిన ఈ మార్పుల తేడాలలో 54 శాతాన్ని నిలకడలో వచ్చిన మార్పుతో లెక్కకట్టవచ్చునని వారు ప్రకటించారు. జబ్బు ముదిరినవారిని ఒక్కసారి కొలిచి ఊరుకోకుండా, అదే మనుషులను మొదటి నుండి గమనించడం ఈ పరిశోధనకు గల గొప్ప గుణం. నిలకడ వాదానికి ఇది గట్టి ఆధారమే.

ఐతే 54 శాతం అన్న అంకె చెప్పేదేమిటి, చెప్పనిదేమిటి? “చదువులో సగానికి పైగా నిలకడే” అని అది చెప్పడం లేదు. నిలకడా వేగమూ జోడుగా మారుతున్నవని మాత్రమే చెబుతున్నది. జోడుగా మారే రెండింటిలో మొదటిది రెండవదానికి కారణం కావచ్చు. రెండవది మొదటిదానికి కారణం కావచ్చు. రెండింటికీ వేరొక కారణం ఉండవచ్చు. చిల్లు పెద్దదైనకొద్దీ బదులు చోటు నడిమికి దూరమవుతుంది. అప్పుడు నిలకడా తగ్గుతుంది, అక్షరం పోల్చుకునే శక్తీ తగ్గుతుంది. ఇక సైకిలు నేర్చుకునే పిల్లవాడిని చూడండి. మొదట పిడి వంకరటింకరగా ఊగుతుంది. నేర్పు వచ్చినకొద్దీ ఊగడం తగ్గుతుంది. పిడి నిలకడా నేర్పూ జోడుగా పెరిగినవి కదా అని పిడిని బిగించి కట్టితే పిల్లవాడికి సైకిలు రాదు. చూపు నిలకడ కూడ ఇటువంటి గుర్తు కావచ్చునేమో?

కొలతలోనే మరొక చిక్కు ఉన్నది. శిలువ గుర్తును తేరిపార చూడడం ఒక పని. పంక్తి వెంబడి గెంతుతూ చదవడం వేరొక పని. మొదటిదానిలో ఆరితేరినవాడు రెండవదానిలో తడబడవచ్చు. పైగా 1999లో జెనీవాకు చెందిన డ్యూరే, సఫ్రాన్ మొదలైనవారు, కొందరు రోగులు ఒక్క మాట చదవడానికే రెండు మూడు బదులు చోట్లను కలిపి వాడుతున్నట్లు చూపారు. అక్షరం పోల్చుకోవడానికి ఒక చోటు, మాట మొత్తాన్ని ఒకచూపున చూడడానికి మరొక చోటు అక్కరకు రావచ్చు. ఇటువంటివాడి చూపుల చుక్కలన్నింటినీ ఒకే దీర్ఘవృత్తంలో బంధిస్తే వైశాల్యం పెద్దదవుతుంది. లెక్క ప్రకారం అతడు నిలకడ లేనివాడు, నిజానికి నేర్పరి.

ఎదురు సాక్ష్యాలు

కారణమా, గుర్తా అన్నది తేలాలంటే ఒకదానిని మన చేతులతో మార్చి రెండవది మారుతుందో లేదో చూడాలి. శాస్త్రంలో ఇదే రాజమార్గం. 2007లో ఫాల్కెన్‌బెర్గ్, రూబిన్, బెక్స్ మంచి కళ్లున్నవారికి పక్కచూపులో అక్షరాలను, మాటలను చూపి, వాటిని కావాలని అటూ ఇటూ కుదిపారు. ఎంత కుదిపినా అక్షరాలను పోల్చుకోవడం చెడలేదు. కాని చదివే వేగం తగ్గింది. నిలకడ వాదులకు ఇది అనుకూలమైన ఫలితమే.

2012లో గ్లాస్గో పరిశోధకులు మాక్యులా క్షీణత ఉన్నవారికే కుదుపుతున్న బింబాలను చూపించారు. ఫలితం తారుమారైంది. కుదుపు కొంత ఉన్నప్పుడే వారు మాటలను మెరుగుగా పోల్చుకున్నారు. ఇది వింత అనిపించవచ్చు గాని, పక్కచూపుకు కదలికను పట్టే శక్తి మెండు. కదలని బింబం పక్కచూపులో మసకబారిపోతుంది కూడ. మొత్తం మీద తేలినదేమంటే, “కదలిక చెడ్డది, నిలకడ మంచిది” అనే నియమం అన్నిచోట్లా చెల్లదు.

అన్నింటికన్న ముఖ్యమైనది కాలిఫోర్నియాలో సూసానా చుంగ్ 2011లో ప్రకటించిన ప్రయోగం. నడిమిచూపు పోయి చాలకాలమైన ఆరుగురికి, తెర మీద మాటలను ఒకదాని వెనుక ఒకటిగా ఒకే చోట చూపుతూ చదివే సాధన చేయించారు. సాధన ముగిసేసరికి వారి వేగం సగటున 53 శాతం పెరిగింది. విశేషమేమంటే బదులు చోటు మారలేదు. చూపు నిలకడ దాదాపు మారలేదు. అక్షర ఫలకం మీద చూపు మెరుగుపడలేదు. ఐనా చదువు మెరుగుపడింది! నిలకడ పెరగకుండానే వేగం పెరగగలదని దీనితో రుజువైంది.

ఈ ప్రయోగాన్ని కూడ నెత్తికెత్తుకోవడం తగదు. పరీక్షకు నిలిచినవారు ఆరుగురే. ఏ పద్ధతిలో సాధన చేశారో ప్రధానంగా ఆ పద్ధతిలోనే లాభాన్ని లెక్కించారు. పుస్తకంలో పుట తరువాత పుట చదవడం వేరు. ఐనప్పటికీ, నిలకడే చదువుకు తాళంచెవి అన్న వాదానికి ఇది చేసిన గాయం చిన్నది కాదు. 2004 నాటి పరిశీలన రెండింటి స్నేహాన్ని చూపింది. 2011 నాటి ప్రయోగం ఆ స్నేహం విడరానిది కాదని చూపింది. రెండింటిని కలిపి చదివితేనే న్యాయం జరుగుతుంది.

మరి అడ్డం ఎక్కడున్నది?

కంటి గెంతులే ప్రధానమైన అడ్డమైతే, వాటి అక్కర లేకుండా మాటలను ఒకే చోట చూపితే నడిమిచూపు లేనివారు మంచి వేగంతో చదవాలి. 1994లో రూబిన్, టురానో ఇదే పరీక్ష చేశారు. లాభం కలిగింది గాని, సుమారు ఒకటిన్నర రెట్లు మాత్రమే. గెంతుల బరువు దించినా చదువు కుంటుతూనే ఉన్నది.

అసలు అడ్డం పక్కచూపు స్వభావంలోనే ఉన్నది. 1970లో డచ్చి శాస్త్రజ్ఞుడు బౌమా ఒక సంగతి బయటపెట్టాడు. పక్కచూపులో ఒంటరి అక్షరం తెలుస్తుంది. దానికి ఇరుపక్కలా అక్షరాలు చేరితే అదే అక్షరం తెలియకుండా పోతుంది. సంతలో ఒక్క గొంతు తెలియకుండా పోయినట్లు, అక్షరం గుంపులో మునిగిపోతుంది. చూపు నడిమి నుండి అక్షరం ఎంత దూరాన ఉన్నదో అందులో దాదాపు సగం మేర ఖాళీ చుట్టూ ఉండాలని బౌమా లెక్క. నడిమికి 5 డిగ్రీల దూరాన చదివేవాడికి రెండున్నర డిగ్రీల ఎడం కావాలి. 40 సెంటీమీటర్ల దూరాన పట్టిన పుస్తకం మీద ఇది 17 మిల్లీమీటర్లకు పైమాట! ఏ పుస్తకంలో అక్షరాలు అంత ఎడంగా ఉంటాయి?

“ఐతే అక్షరాలను పెద్దవి చేస్తే, ఎడంగా వేస్తే సరిపోతుంది” అని విద్యార్థి అనవచ్చు. మంచి ప్రశ్నే, దీనినీ పరీక్షించారు. అక్షరం పెద్దది చేయడం తప్పక మేలు చేస్తుంది, కాని ఒక మేర వరకే. చుంగ్, మాన్స్‌ఫీల్డ్, లెగ్గి 1998లో మంచి కళ్లున్నవారిని పరీక్షించి, ఎంత పెద్ద అక్షరాలు వేసినా 20 డిగ్రీల పక్కచూపులో గరిష్ఠ వేగం నడిమిచూపు వేగంలో దాదాపు ఆరో వంతుకు పడిపోతుందని చూపారు. అక్షరాల మధ్య ఎడాన్ని మామూలుకన్న పెంచితే నడిమిచూపు లేనివారికి లాభం లేదని చుంగ్ 2012లో కనుగొన్నారు. ఎడం పెంచితే మాట కొసలు ఇంకా దూరానికి, ఇంకా మసకచూపులోకి పోవడం దీనికి ఒక కారణమని ఊహించవచ్చు. పంక్తుల మధ్య ఎడం పెంచినా లాభం స్వల్పమేనని 2010లో ఫ్రెంచి పరిశోధకులు తేల్చారు. ఒక్క మందుతో నయంచేసే నాటువైద్యం ఇక్కడ పనికిరాదు.

ఫలకం చెప్పే అర్ధసత్యం

ఈ చర్చలో విమర్శకు నిలవవలసినది ఇంకొకటి ఉన్నది. అది వైద్యశాల గోడకు వేలాడే అక్షర ఫలకం. డచ్చి వైద్యుడు స్నెల్లెన్ 1862లో రూపొందించిన ఈ ఫలకం మహోపకారి. అందులో సందేహం లేదు. 6/18 అంటే మంచి కంటికి 18 మీటర్ల నుండి కనబడే అక్షరం ఈ కంటికి 6 మీటర్లకు గాని కనబడదని అర్థం. కాని ఈ ఫలకం అడిగేది ఒకటే ప్రశ్న: ఎంత చిన్న అక్షరాన్ని పోల్చగలవు? రోగి ఎంతసేపు వెతికాడో, పది అక్షరాలను ఒక్క చూపున పట్టగలడో లేడో ఇది అడగదు. చదువుకు కావలసినవి ఈ రెండవ రకం ప్రశ్నలే.

1985లో మిన్నెసోటాలో లెగ్గి బృందం మందదృష్టి గలవారి చదువును కొలిచినప్పుడు, అక్షరాలను తగినంత పెద్దవి చేసిన తరువాత కూడ, నడిమిచూపు పోయినవారి గరిష్ఠ వేగం నిమిషానికి సగటున 25 మాటలు. నడిమిచూపు కొంతైనా మిగిలినవారిది సగటున 130 మాటలు. ఎంత చిన్న అక్షరం కనబడుతుందన్న దానికన్న, నడిమిచూపు మిగిలిందా లేదా అన్నదే ఎక్కువ చెప్పింది. అక్కడే తరువాతి కాలంలో, క్రమంగా చిన్నవయ్యే అక్షరాల్లో సమానమైన పొడవుగల వాక్యాలతో ఒక పఠన ఫలకం తయారైంది. చదవగలిగిన అతిచిన్న అక్షరం ఏది, వేగం తగ్గకుండా చదవగలిగిన అక్షర పరిమాణం ఏది, గరిష్ఠ వేగం ఎంత అనే మూడు సంగతులను అది చెబుతుంది. చదువును చదువుతోనే కొలవడం అంటే ఇది.

మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మందదృష్టిని రెండు విధాల నిర్వచించింది. ఒకటి ఫలకం మీద 6/18 కన్న తగ్గి 3/60 వరకు ఉండే చూపు. రెండవది దృష్టిక్షేత్రం 40 డిగ్రీలకన్న కుంచించుకొని 10 డిగ్రీల వరకు రావడం. రెండవది చుట్టుచూపు తగ్గినవారికి వర్తించేది. నడుమ చిల్లు పడి అంచులు బాగున్నవారికి ఈ నిర్వచనంలో విడిగా స్థానం లేదు. వారు ఫలకం ద్వారానే లెక్కకు రావాలి. ఓపికగా ఓరచూపుతో వెతికి ఒక్కొక్క అక్షరం చెప్పగలిగిన పిల్లవాడికి ఫలకం మంచి మార్కులే వేయవచ్చు. అతడు పుట చదవడానికి గంట పట్టవచ్చు. పరీక్షల్లో లేఖకుని సాయం పొందదగినవారికి గంటకు 20 నిమిషాలకు తక్కువ కాకుండా అదనపు సమయం ఇవ్వాలని 2018లో కేంద్రప్రభుత్వం మార్గదర్శకాలు వెలువరించింది. ఇది మంచి ఏర్పాటు. ఐతే వేగం అయిదోవంతుకు పడినవాడికి కాలం మూడోవంతు పెంచితే ఎంత మేరకు సమానత్వం వస్తుందో లెక్కల ఉపాధ్యాయులకు వేరే చెప్పనక్కరలేదు.

తెలుగు లిపి సంగతి

పైన చెప్పిన అంకెలు చాలవరకు ఇంగ్లీషు చదివేవారివి. వాటిని ఉన్నవి ఉన్నట్లు తెలుగుకు తగిలించడం పొరపాటు. ఇంగ్లీషు అక్షరాలు పక్కపక్కన వరుసలో నిలుస్తాయి. తెలుగు అక్షరం పైకీ కిందికీ కూడ పెరుగుతుంది. “స్త్రీ” అన్న ఒక్క అక్షరంలో మూడు హల్లులు, ఒక అచ్చు ఇమిడి ఉన్నవి. ర కు, ఠ కు తేడా నడిమి చుక్కే. ద కు ధ కు, ప కు ఫ కు తేడా అడుగున ఒక చిన్న గీత. బౌమా చెప్పిన గుంపు తెలుగులో అక్షరాల మధ్యనే కాక, అక్షరం లోపల కూడ ఉన్నదన్నమాట. అక్షరాలను ఎడంగా వేయవచ్చు గాని, వొత్తును తల్లి అక్షరం నుండి ఎడం చేయలేం. అదీగాక మన మాటలు ప్రత్యయాలతోను, సంధులతోను పొడవవుతాయి. “నిమిషానికి ఇన్ని మాటలు” అన్న కొలత రెండు భాషల్లో ఒకటి కాదు. తెలుగు చదివేవారిని గురించి తీర్పు చెప్పాలంటే తెలుగు వాక్యాలతోనే కొలవాలి.

ఉపాధ్యాయులు చేయదగినది

ఈ విమర్శ నుండి ఆచరణకు పనికివచ్చే సంగతులు కొన్ని తేలుతున్నవి. మొదటిది: ఓరగా చూసే పిల్లవాడి తల పట్టి సూటిగా తిప్పకూడదు. సూటిగా తిప్పితే అక్షరం చిల్లులో పడి మాయమవుతుంది. రెండవది: కళ్లద్దాలున్నా అక్షరాలు తప్పుతున్న పిల్లవాడిచేత విడి అక్షరాలు కాక, ఒక పేరా బిగ్గరగా చదివించి, గడియారం చూసి పట్టిన కాలం రాసుకోవాలి. అదే స్థాయి పేరాను మరింత పెద్ద అక్షరాల్లో ఇచ్చి మళ్లీ చదివించాలి. వేగం పెరుగుతున్నంత వరకు అక్షరం పెంచుతూ పోవాలి. పెరగడం ఆగిన చోట ఆగాలి. ఆ పరిమాణమే అతనికి తగిన అచ్చు. నేత్రవైద్యుడికి చూపించేటప్పుడు ఈ లెక్క కూడ పంపితే ఆయనకు ఎంతో సాయం చేసినవారవుతారు.

మూడవది: పుస్తకాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుంటే కళ్లు పాడవుతాయన్న భయం ఈ పిల్లల విషయంలో విడిచిపెట్టాలి. 40 సెంటీమీటర్ల నుండి 20కి తెస్తే అక్షరం రెండింతలవుతుంది. నల్లబల్లకు 6 మీటర్ల దూరాన ఉన్నవాడు 2 మీటర్లకు వస్తే మూడింతలవుతుంది. ఖర్చులేని భూతద్దం ఇది. మంచి వెలుతురు, కాగితానికి అక్షరానికి నడుమ స్ఫుటమైన తేడా కూడ కావాలి. నాలుగవది: సాధనను మానిపించకూడదు. నిలకడ పెరగకున్నా చదువు పెరగవచ్చునని చూశాం కదా. పాఠాన్ని వినిపించే సాధనాలు ఉన్నవి గనుక, పొడవైన పాఠాన్ని విని, లెక్కలూ పటాలూ కంటితో చూడడం ఒక మంచి సర్దుబాటు. హైదరాబాదులో 1987లో నెలకొన్న ఎల్.వి.ప్రసాద్ నేత్రవైద్య సంస్థ వంటి చోట్ల మందదృష్టి గలవారికి తగిన కటకాలు, సలహాలు ఇచ్చే విభాగాలు పనిచేస్తున్నవి.

నిలకడ వాదాన్ని పూర్తిగా కొట్టివేయడం ఈ వ్యాసం అభిమతం కాదు. తూగులాడే చూపు చదువుకు కొంత ఆటంకమే. దానిని కొలిచినవారు జబ్బుపడ్డ కంటిని గురించి మనకు చాలా నేర్పారు. కాని కొలవడానికి వీలైనది గనుక అదే మూలమనుకోవడం శాస్త్రంలో తరచుగా జరిగే జారుడు. ఫలకం మీది అక్షరం, దీర్ఘవృత్తపు వైశాల్యం సులువుగా అంకెలకు చిక్కుతాయి. ఒక పిల్లవాడు ఒక పుటను అర్థం చేసుకుంటూ చివరికంటా చదవడం అంత సులువుగా చిక్కదు. ఐనా మనకు కావలసినది అదే. కాబట్టి చివరి మాట ఫలకానిదీ కాదు, దీర్ఘవృత్తానిదీ కాదు; చదివిన పుటది.